జెనెసిస్ ‘ఆర్కైవ్ 1967–75’ నాలుగు సిడిల సెట్: ఏది అప్పటిది, ఏది తర్వాత కలిపింది, పాతది కొనేటప్పుడు ఏం చూడాలి?

#1 కొత్తచెవి

అందరికీ నమస్కారం. బ్రిటన్ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ జెనెసిస్ ఆల్బమ్‌లు ‘ట్రెస్‌పాస్’ నుంచి ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’ దాకా బాగా విన్నాను. 1998లో వచ్చిన ‘ఆర్కైవ్ 1967–75’ సెట్ సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి అమ్మకానికి ఉంది. అందులో లాంబ్ (అంటే ‘ద లాంబ్ లైస్ డౌన్ ఆన్ బ్రాడ్‌వే’) కచేరీకి గాయకుడు పీటర్ గాబ్రియెల్ గొంతు తర్వాత మళ్లీ రికార్డు చేశారట, ఎంత మేరకు? ఆ తర్వాత వచ్చిన పెద్ద బాక్సులు ఉన్నా ఇది కొనాలా? పాత సిడిల సెట్ చేతికొచ్చినప్పుడు ఏమేం పరీక్షించుకోవాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

#2 మెల్లోట్రాన్400

ముందు సెట్‌లో ఏముందో చెప్తాను, మిగతా ప్రశ్నలకు సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

మొత్తం 52 ట్రాక్‌లు. కాలం వెనక్కి నడుస్తుంది: మొదటి డిస్క్ 1975లో మొదలవుతుంది, నాలుగోది బ్యాండ్ పుట్టిన రోజుల్లోకి వెళ్లి ఆగుతుంది.

డిస్క్ 1, 2: లాస్ ఏంజెలెస్ ష్రైన్ ఆడిటోరియంలో 1975 జనవరి 24న జరిగిన కచేరీ. లాంబ్ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా, 11 + 12 ట్రాక్‌లుగా. ‘ద ఛాంబర్ ఆఫ్ 32 డోర్స్’తో మొదటి డిస్క్ అయిపోతుంది, ‘లిలీవైట్ లిలిత్’తో రెండోది మొదలవుతుంది. అసలు డబుల్ ఎల్పీలో మొదటి రికార్డు ముగిసేదీ అక్కడే.

డిస్క్ 3: తొమ్మిది ట్రాక్‌లు. అందులో ఐదు లండన్ రెయిన్‌బో థియేటర్‌లో 1973 అక్టోబర్ 20న రికార్డు చేసినవి: ‘డాన్సింగ్ విత్ ద మూన్‌లిట్ నైట్’, ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’, ‘మోర్ ఫూల్ మీ’, ‘సప్పర్స్ రెడీ’, ‘ఐ నో వాట్ ఐ లైక్’. ఆపైన బిబిసి కోసం 1971లో వాయించిన ‘స్టాగ్నేషన్’, ఆల్బమ్‌లలో చేరని ‘ట్విలైట్ ఏల్‌హౌస్’, ‘హ్యాపీ ద మ్యాన్’, సింగిల్ కోసం కుదించిన ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’.

డిస్క్ 4: ఇరవై ట్రాక్‌లు. 1970లో బిబిసి ‘నైట్‌రైడ్’ కార్యక్రమానికి చేసిన ‘షెపర్డ్’, ‘పాసిడీ’, ‘లెట్ అస్ నౌ మేక్ లవ్’, డెక్కా వాళ్లు 1969లో విడుదల చేసిన ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్’ నాటి రఫ్ మిక్సులు (తుది మెరుగులు దిద్దనివి), మిగిలినవన్నీ డెమోలు.

ఒక్క డిస్క్ కోసమే కొనాలంటే నా ఓటు మూడోదానికి. ఐదుగురూ మంచి ఊపులో ఉన్నప్పటి కచేరీ అది. ‘సప్పర్స్ రెడీ’ స్టూడియోలో దాదాపు 23 నిమిషాలు, ఇక్కడ ముందు గాబ్రియెల్ చెప్పే కథతో కలిపి 26 దాటుతుంది. ‘మోర్ ఫూల్ మీ’ పాడింది డ్రమ్మర్ ఫిల్ కాలిన్స్. 1975లో గాబ్రియెల్ వెళ్లిపోయాక పాడే బాధ్యత ఎవరి మీద పడిందో తెలిసినవాళ్లు ఆ పాట దగ్గర కాస్త ఆగి వినాలి.

#3 డబుల్‌నెక్

గొంతు విషయం నేను చెప్తాను.

ష్రైన్ టేపుల్లో గాబ్రియెల్ పాడిన భాగంలో చాలావరకు 1990లలో మళ్లీ పాడారు. ఏవో రెండు మూడు పంక్తులు సర్దడంతో ఆగలేదు. స్టీవ్ హాకెట్ కూడా తన గిటారు భాగాలు కొన్ని మళ్లీ వాయించాడు. ఇది దాచిన సంగతి కాదు, అప్పట్లోనే బయటికి చెప్పారు.

ఎందుకు చేయాల్సి వచ్చిందో ఆ కచేరీ తీరు తెలిస్తే అర్థమవుతుంది. లాంబ్ టూర్‌లో గాబ్రియెల్ పాడుతూ, పరుగెత్తుతూ, వేషాలు మార్చేవాడు. ‘ద కాలనీ ఆఫ్ స్లిప్పర్‌మెన్’కి వేసుకునేది ఒళ్లంతా బుడిపెలున్న రబ్బరు తొడుగు, తలతో సహా. అది తగిలించుకున్నాక మైకు నోటి దగ్గరికి రాదు. గొంతు బరువుగా, దూరం నుంచి వస్తున్నట్టు, కొన్ని మాటలు అసలే వినబడకుండా టేపెక్కింది. వేదిక మీద చూస్తున్నవాళ్లకి వేషం ఆ లోటు తీర్చేది. సిడిలో వేషం కనబడదు కదా.

ఇక ‘ఇట్’. ఆ రాత్రి టేపులో ఆ చివరి పాట వాడుకునేలా దొరకలేదు. అందుకని స్టూడియో రికార్డింగ్‌నే తీసుకుని, కొత్తగా మిక్స్ చేసి, గొంతు మళ్లీ పాడి అతికించారు. హెడ్‌ఫోన్స్‌లో ‘ఇన్ ద రాపిడ్స్’ అయిపోయే చోట శ్రద్ధ పెట్టండి. అప్పటిదాకా చుట్టూ ఉన్న హాలు గాలి ఒక్కసారిగా పోతుంది. డ్రమ్స్ దగ్గరకొస్తాయి, గదిలో వాయించినట్టు పొడిగా ఉంటాయి.

గొంతు తేడా పట్టుకోవాలంటే డిస్క్ 3లో 1973 నాటి గాబ్రియెల్‌ని పది నిమిషాలు విని, వెంటనే డిస్క్ 1 పెట్టండి. రెండింటి మధ్య కచేరీల లెక్కన ఏడాదిన్నర కూడా లేదు. గొంతు మాత్రం ఇరవై ఏళ్లు పెద్దదైనట్టు ఉంటుంది. కింది స్థాయిలో బొంగురు, పై స్థాయిలో జాగ్రత్త. అది టేపు తప్పు కాదు, వయసు.

#4 పాతబస్తీ_ప్రాగ్

డబుల్‌నెక్ అన్న చెప్పింది సరే. నా అభ్యంతరం పేరు మీద. ‘ఆర్కైవ్’ అని పెట్టాక ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి. రబ్బరు తొడుగులోంచి వచ్చిన గొంతు కూడా ఆ టూర్ చరిత్రలో భాగమే. పైగా లాంబ్ టూర్ మొత్తం వంద కచేరీల పైచిలుకు జరిగితే దాన్ని పూర్తిగా పట్టిన అధికారిక సినిమా లేదు. పూర్తి కచేరీగా అధికారికంగా బయటికొచ్చింది ఇదొక్కటే అయినప్పుడు దాని మీదే గొంతు మార్చేస్తే ఎలా? మార్చినదాన్ని పక్కన పెట్టి, అప్పటి గొంతుతో కనీసం ఒక పాటైనా అదనంగా ఇవ్వాల్సింది. పోల్చుకునే వీలుండేది.

#5 డబుల్‌నెక్

పోల్చుకునే వీలు ఇవ్వలేదన్నది నిజమే, అక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. కానీ గొంతు పక్కన పెట్టండి. మిగతా నలుగురు వాయించినదాంట్లో ఎక్కువ భాగం ఆ రాత్రిదే. ఈ సెట్‌కి నేను విలువ కట్టేది వాళ్లని బట్టి. 1974 నవంబర్‌లో టూర్ మొదలైన కొద్ది రోజులకే క్లీవ్‌లాండ్‌లో గాబ్రియెల్ వెళ్లిపోతున్నానని చెప్పేశాడు. జనానికి తెలిసింది 1975 ఆగస్టులో. అంటే ష్రైన్‌లో వేదిక మీదున్న ఐదుగురికీ ఇది చివరి విడత అని తెలుసు. తెలిసీ అంత బిగువుగా వాయించారు. ముఖ్యంగా కాలిన్స్. ‘ఇన్ ద కేజ్’లో డ్రమ్స్ ఒక్కటే పట్టుకుని చివరిదాకా వెళ్లండి, వేగం ఎక్కడా జారదు.

హాకెట్ సంగతీ గుర్తుంచుకోవాలి. టూర్‌కి ముందు గాజు గ్లాసు చేతిలో పగిలి బొటనవేలి నరం తెగింది. బ్రిటన్ కచేరీలు వాయిదా పడ్డాయి. అలాంటి చేత్తో ఆ టూర్ మొదలుపెట్టాడు.

#6 మెల్లోట్రాన్400

కీబోర్డుల వైపు నుంచి కొన్ని ఆనవాళ్లు ఇస్తాను. స్టూడియో రూపం, కచేరీ రూపం పక్కపక్కన పెట్టి వినేవాళ్లకు పనికొస్తాయి.

స్టూడియోలో లాంబ్ మొదలయ్యేది గ్రాండ్ పియానోతో. టోనీ బ్యాంక్స్ చేతులు ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ వాయించే ఆ చిటపటల వరస. టూర్‌కి పియానో తీసుకెళ్లలేదు, ఆర్‌ఎంఐ ఎలక్ట్రా పియానో వాడాడు. ఆ వాయిద్యానికి నొక్కుడు బరువు తెలియదు. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకే మోత. అందుకే ‘ద లామియా’, ‘ఎనీవే’ కచేరీలో కాస్త గాజుగా, ఎత్తుపల్లాలు లేకుండా వినిపిస్తాయి. మిక్స్ చేసినవాళ్ల లోపం అనుకోకండి, వాయిద్యమే అంత. దానితోపాటు హామండ్ ఆర్గాన్, మెల్లోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన స్వరాలు పలికించే కీబోర్డు), ఏఆర్‌పీ ప్రో సోలోయిస్ట్ సింథసైజర్. చివరిది ఒకేసారి ఒక్క స్వరమే పలుకుతుంది. ‘రైడింగ్ ద స్క్రీ’లో పరుగులు తీసేది అదే. దాని కింద డ్రమ్స్, బేస్ వేసే లెక్క వేరు, పైన కీబోర్డు పరుగు వేరు. మొదటిసారి తాళం వేయబోయి దారి తప్పినా కంగారు పడక్కర్లేదు.

స్టూడియో ఆల్బమ్‌లో ‘ద గ్రాండ్ పరేడ్ ఆఫ్ లైఫ్‌లెస్ ప్యాకేజింగ్’ గొంతు మీద బ్రయన్ ఈనో చేసిన వక్రీకరణలు ఉన్నాయి. ష్రైన్‌లో ఆ హంగు లేదు, పాట ఎముకలు బయటికి కనబడతాయి. నాకు ఈ రూపమే ఇష్టం.

‘ద వెయిటింగ్ రూమ్’ రోజూ అప్పటికప్పుడు అల్లేది. ప్రతి ఊళ్లో వేరుగా ఉండేది. ఈ కచేరీలో స్టూడియోకి దూరంగా వెళ్లి, మళ్లీ వెలుతురులోకి వచ్చే క్షణం అద్భుతంగా కుదిరింది. లాంబ్ డిస్కులు రెండింట్లో ఒక్క ట్రాక్ ఎంచుకోమంటే ఇదే. ఇందులో గొంతు గొడవ కూడా లేదు.

#7 ఉప్పుగాలి

కొనేటప్పుడు చూడాల్సినవి. అమ్మేవాళ్లని ఫొటోలు అడిగేటప్పుడు ఈ వరసలో అడగండి.

మొదట బొమ్మ ముద్రించిన వైపు. అందరూ తిరగేసి మెరిసే వైపే చూస్తారు, పొరపాటు అక్కడే. సిడిలో సమాచారం ఉన్న అల్యూమినియం పొర బొమ్మ వైపుకి ఆనుకుని ఉంటుంది. పైన పల్చటి లక్క పూత, దాని మీద సిరా, అంతే. మెరిసే వైపు మాత్రం ఒక మిల్లీమీటరుకి పైగా ప్లాస్టిక్ కాపలా. మెరిసే వైపు గీత పడితే పాలిష్ చేయించుకోవచ్చు, చాలాసార్లు గీత ఉన్నా చదువుతుంది. బొమ్మ వైపు గీత లోహం దాకా దిగితే ఆ చోట సంగీతం పోయినట్టే. దీపానికి అడ్డంగా పట్టుకుని చూస్తే వెలుతురు సన్నటి దారంలా దూసుకొస్తుంది. అక్కడక్కడ సూదిమొన అంత చుక్కలు కనబడితే భయపడక్కర్లేదు, దోష సవరణ వాటిని మింగేస్తుంది.

తర్వాత మధ్య రంధ్రం. ట్రే మధ్యలో పట్టి ఉంచే పళ్లు బిగుతుగా ఉంటే డిస్కుని అంచు పట్టి లాగేస్తారు. డిస్కు విల్లులా వంగి, రంధ్రం చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. ఆ పగుళ్లున్న డిస్కుని వేగంగా తిప్పే కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టకండి, లోపలే ముక్కలయ్యే ప్రమాదం ఉంది. సరైన పద్ధతి: మధ్య పళ్లని వేలితో కిందికి నొక్కి, డిస్కు దానంతట అది వదిలాక అంచులు పట్టుకుని ఎత్తాలి.

మూడోది పుస్తకం. నున్నటి కాగితం కాబట్టి తేమ తగిలితే పేజీలు అంటుకుంటాయి. అన్ని పేజీలూ విడిగా తెరుచుకుంటున్నాయా అని వీడియో అడగండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల నుంచి వచ్చే సెట్‌లకి ఇది తప్పనిసరి.

#8 కొత్తచెవి

చాలా థ్యాంక్స్ అండీ. ఇంకొకటి. పాత ఇంగ్లిష్ సిడిలు కంచు రంగుకి తిరిగి పాడైపోతాయని చదివాను. ఈ సెట్‌కి ఆ బెడద ఉందా?

#9 ఉప్పుగాలి

మీరు చదివింది బ్లాక్‌బర్న్‌లోని పీడీఓ కర్మాగారంలో తయారైన డిస్కుల సంగతి. 1988 నుంచి 1993 మధ్యవి. లక్క పూత సరిగ్గా లేక, కవరు కాగితంలోని గంధకం లోపలికి చేరి లోహాన్ని తినేసింది. అంచు దగ్గర కాఫీ రంగుతో మొదలై లోపలికి పాకుతుంది. ఆఖరి ట్రాక్‌లలో చిటపట వినబడితే ముందు దాన్నే అనుమానించాలి, ఎందుకంటే సిడి లోపలి నుంచి బయటికి చదువుతుంది, చివరి పాటలు అంచు దగ్గర ఉంటాయి. మెరిసే వైపు లోపలి వలయంలో ‘మేడ్ ఇన్ యూకే బై పీడీఓ’ అని ఉంటే జాగ్రత్త.

‘ఆర్కైవ్’ 1998ది. ఆ కాలం దాటాక వచ్చింది, ఆ జబ్బు దీనికి రాదు. 1991లో వచ్చిన ఇతర బ్యాండ్ల నాలుగు సిడిల సెట్‌లు కొనేవాళ్లు మాత్రం వలయం చూసుకోండి. ఆ ఏడాదే కింగ్ క్రిమ్సన్ ‘ఫ్రేమ్ బై ఫ్రేమ్’, యెస్ ‘యెస్‌ఇయర్స్’ వచ్చాయి. డిస్కు ఏ కర్మాగారంలో చేశారన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి ప్రతి డిస్కునీ విడిగా చూడాలి.

#10 ఫ్లాక్‌వాలా

సెట్ చేతికొచ్చిన మొదటి పని కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవడం. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం ఉచితం. నేను సిఫారసు చేసే అమరిక:

చదివే పద్ధతి సెక్యూర్. డ్రైవ్ ఆఫ్‌సెట్‌ని (డ్రైవ్ చదివే చోటు ముందుకో వెనక్కో జరగడం) యాక్యురేట్‌రిప్ ద్వారా సరిచేసుకోండి, అది అందరి రిప్‌ల సంఖ్యలు పోల్చి చూసే డేటాబేస్. దానికి బాగా అమ్ముడుపోయిన సిడి ఏదైనా ఒకటి పెడితే అదే లెక్కగట్టి చెప్తుంది. సీ2 (దోషాలని డ్రైవే గుర్తించి చెప్పే) ఆప్షన్ తీసేయండి, చాలా డ్రైవ్‌లు దాన్ని నమ్మకంగా చెప్పవు. పాటల మధ్య ఖాళీలని ముందు పాటకి కలిపేలా ఉంచండి. ‘టెస్ట్ అండ్ కాపీ’ వాడితే ప్రతి పాటనీ రెండుసార్లు చదివి, రెండు సంఖ్యలు పోల్చి చూపిస్తుంది. అవి సరిపోలితే, యాక్యురేట్‌రిప్ కూడా సరే అంటే ఇక ఆ డిస్కు గురించి మర్చిపోవచ్చు.

యాక్యురేట్‌రిప్ సరిపోలలేదు అన్నంత మాత్రాన డిస్కు పాడైనట్టు కాదు. ఒకే ఆల్బమ్‌ని వేర్వేరు దేశాల్లో ముద్రించినప్పుడు కొన్ని శాంపిళ్లు ముందుకో వెనక్కో జరుగుతాయి. మీ ముద్రణ వాళ్ల జాబితాలో లేకపోవచ్చు. టెస్ట్, కాపీ సంఖ్యలు రెండూ ఒకటైతే ధైర్యంగా ఉండండి.

నిజంగానే ఒకచోట చదవలేకపోతే: స్వేద జలంలో ఒక్క చుక్క గిన్నెలు కడిగే సబ్బు, మైక్రోఫైబర్ గుడ్డ. మధ్య నుంచి అంచుకి నేరుగా తుడవాలి. గుండ్రంగా తుడిస్తే పడే సన్నగీతలు ట్రాక్ వెంటే వెళ్తాయి, దోష సవరణకి అది అన్నింటికంటే కష్టం. అప్పటికీ రాకపోతే వేగం తగ్గించి, డ్రైవ్ మార్చి చూడండి. చివరికి క్యూటూల్స్ అనే ప్రోగ్రాం ఉంది. అదే ముద్రణని ఇంకెవరైనా ముందే నమోదు చేసి ఉంటే చిన్నచిన్న దోషాలని వాళ్ల డేటాబేస్ సాయంతో సరిచేస్తుంది.

ఫ్లాక్‌లో (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) స్థాయి 0 అయినా 8 అయినా శబ్దం ఒకటే, ఫైలు సైజు మాత్రమే మారుతుంది. ముడి సిడి డేటా నిమిషానికి సుమారు 10 ఎంబీ. ఫ్లాక్ దాన్ని మామూలుగా సగానికి కాస్త పైన ఉంచుతుంది.

#11 పాతబస్తీ_ప్రాగ్

ఫ్లాక్‌వాలా, గ్యాప్‌ల సంగతి కూడా చెప్పు బ్రో. లాంబ్‌కి అదే ప్రాణం. ‘ఫ్లై ఆన్ ఎ విండ్‌షీల్డ్’ నుంచి ‘బ్రాడ్‌వే మెలొడీ ఆఫ్ 1974’లోకి వెళ్లే చోట క్షణం ఆగితే పాట చచ్చిపోతుంది.

#12 ఫ్లాక్‌వాలా

అవును. ఫ్లాక్ అయితే ఫైలులో దోషం ఉండదు, ఆగుతోందంటే ప్లేయర్‌దే తప్పు. ఫూబార్2000లో ఆగదు. ఫోన్ యాప్‌లలో గ్యాప్‌లెస్ అని విడిగా ఆన్ చేయాల్సి రావచ్చు, క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే తీసేయండి. బ్లూటూత్ కారు స్టీరియోలు కొన్ని ట్రాక్ మారినప్పుడల్లా అరక్షణం మింగుతాయి. వాటి కోసం రెండు డిస్కులని రెండే ఫైళ్లుగా, క్యూ షీట్‌తో (ఏ పాట ఎక్కడ మొదలవుతుందో రాసిన చిన్న ఫైలు) చేసి పెట్టుకోవడం మేలు. ఎంపీ3 చేసుకునేవాళ్లు లేమ్ ఎన్‌కోడర్ వాడాలి. ఫైలు మొదట్లో, చివర్లో చేరే నిశ్శబ్దం ఎంతో అది రాసిపెడుతుంది, ప్లేయర్ దాన్ని కోసేస్తుంది.

పైన చెప్పిన రెండు పాటల మధ్య ట్రాక్ మారే చోటు స్టూడియో ఆల్బమ్ సిడిలన్నింట్లో ఒక్కచోట లేదు. పాత ముద్రణల్లో ‘బ్రాడ్‌వే మెలొడీ’ అరనిమిషం తోకలా మిగులుతుంది. నిడివి చూసి పాట కోశారని అనుకోకండి, గీత పెట్టిన చోటే తేడా.

ట్యాగ్‌లు: నాలుగు డిస్కులకీ ఒకే ఆల్బమ్ పేరు, డిస్క్ నంబర్ 1/4 నుంచి 4/4. సంవత్సరం దగ్గర 1998 వేసి, రికార్డు చేసిన తేదీని విడిగా మరో ట్యాగ్‌లో పెట్టండి. అప్పుడు 1970 బిబిసి పాటలని, 1975 కచేరీని ఒక్క నొక్కుతో కాలక్రమంలో పేర్చుకోవచ్చు. ఈ సెట్ వెనక్కి నడుస్తుంది కాబట్టి ఆ సౌకర్యం బాగా పనికొస్తుంది.

#13 ఎడిసన్_తెలుగు

రెండో ప్రశ్నకి జవాబు ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత వచ్చిన బాక్సులతో ఏది కలుస్తుంది, ఏది కలవదు:

2008లో ‘జెనెసిస్ 1970–1975’. సౌండ్ ఇంజినీర్ నిక్ డేవిస్ చేసిన కొత్త స్టీరియో, 5.1 (చుట్టూ స్పీకర్లున్న సరౌండ్) మిక్సులు. అందులో అదనపు డిస్క్ మీద ‘హ్యాపీ ద మ్యాన్’, ‘ట్విలైట్ ఏల్‌హౌస్’, ‘షెపర్డ్’, ‘పాసిడీ’, ‘లెట్ అస్ నౌ మేక్ లవ్’ ఉన్నాయి. వాటితోపాటు ‘ఆర్కైవ్’లో లేని నాలుగు 1970 నాటి రికార్డింగులు, జాక్సన్ టేపులు అంటారు. ‘ద మ్యూజికల్ బాక్స్’లోకి తర్వాత చేరిన ముక్కలు వాటిలో దొరుకుతాయి. యూరప్ ముద్రణ ఎస్ఏసిడి (మామూలు సిడి పొరతోపాటు ఎక్కువ నాణ్యత ఉన్న ఇంకో పొర ఉండేది), అమెరికా ముద్రణ మామూలు సిడి. ఎస్ఏసిడిలోని సిడి పొరని ఏ ప్లేయరైనా చదువుతుంది, ఎస్ఏసిడి పొరని మాత్రం కంప్యూటర్ డ్రైవ్ చదవదు.

2009లో ‘జెనెసిస్ లైవ్ 1973–2007’. ఇందులో రెయిన్‌బో 1973 ఒక డిస్కు నిండా ఉంది, 5.1తో సహా. ‘ఆర్కైవ్’లో లేని ‘ద సినిమా షో’, ‘ద బ్యాటిల్ ఆఫ్ ఎపింగ్ ఫారెస్ట్’ కూడా వచ్చాయి. మెల్లోట్రాన్ గారు మెచ్చిన మూడో డిస్కు కోసమే అయితే ఈ బాక్స్ మెరుగు.

2025లో లాంబ్ యాభై ఏళ్ల సెట్. 1974 స్టూడియో ఆల్బమ్‌తోపాటు ష్రైన్ కచేరీ కూడా ఉంది, ‘ఆర్కైవ్’ వదిలేసిన చివరి రెండు పాటలు ‘వాచర్ ఆఫ్ ద స్కైస్’, ‘ద మ్యూజికల్ బాక్స్’తో సహా. అట్మాస్ (సరౌండ్) మిక్స్ బ్లూరే మీద ఉంది.

మిగిలేదేంటి? నాలుగో డిస్కు. రఫ్ మిక్సులు, తొలి డెమోలు ఇంత ఎక్కువగా ఒక్కచోట ఇంకెక్కడా లేవు. నా దృష్టిలో ఈ రోజు ‘ఆర్కైవ్’ కొనడానికి అసలు కారణం అదే. అమ్మేవాళ్లు లాంబ్ కచేరీ పేరు చెప్పి ధర పెంచితే 2025 సెట్ ధరతో పోల్చి చూసుకోండి.

#14 డబుల్‌నెక్

2008 మిక్సుల గురించి ఒక మాట. శబ్దం బాగా నొక్కేశారు, ఎత్తుపల్లాలు తగ్గాయి. అసలు మిక్సులు కావాలంటే 1994లో వచ్చిన ‘డెఫినిటివ్ ఎడిషన్ రీమాస్టర్’ సిడిలు విడిగా దొరుకుతాయి, పెద్ద ధర ఉండదు. అవి, ‘ఆర్కైవ్’, రెండూ దగ్గర పెట్టుకుంటే గాబ్రియెల్ కాలం దాదాపు పూర్తవుతుంది.

#15 కొత్తచెవి

నాలుగో డిస్కు ఎలా వినాలి? నమూనా విన్నాను, బుసబుస బాగా ఉంది. సాఫ్ట్‌వేర్‌తో తీసేయొచ్చా?

#16 ఫ్లాక్‌వాలా

దయచేసి నాయిస్ రిడక్షన్ పెట్టకండి. బుసతోపాటు సింబల్స్ మోగు, గొంతులోని ఊపిరి పోతాయి. నీళ్లలోంచి వింటున్నట్టు అవుతుంది.

ఒక సులువైన పని ఉంది. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో పాట తెరిచి, ఎడమ కుడి చానళ్లు విడదీసి, ఒకదాన్ని తిరగేసి రెండూ కలపండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండు వైపులా ఒకే సమాచారం, చేసేదేమీ లేదు. సంగీతం పోయి బుస మాత్రమే మిగిలితే పాట మోనో, బుస మాత్రం రెండు వైపులా వేరు. అలాంటప్పుడు ప్లేయర్‌లో మోనో నొక్కితే చాలు, సంగీతంతో పోలిస్తే బుస 3 డెసిబెల్స్ తగ్గుతుంది. సంగీతానికి ఏ నష్టమూ ఉండదు. సంగీతం కూడా గణనీయంగా మిగిలితే అది స్టీరియో, ముట్టుకోకండి.

రీప్లేగెయిన్ (పాటల శబ్ద స్థాయిని సరిచేసే ట్యాగ్) వాడితే ఆల్బమ్ పద్ధతిలో, డిస్కుకి విడిగా లెక్కించండి. నాలుగు డిస్కులకీ కలిపి లెక్కిస్తే లాంబ్ స్థాయికి తగ్గట్టు డెమోలు మరీ చిన్నగా వినిపిస్తాయి.

#17 మెల్లోట్రాన్400

వినే వరస నేను చెప్తాను. ముందు ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవెలేషన్’ ఒకసారి వినండి. ఆ ఆల్బమ్‌కి జోనథన్ కింగ్ నిర్మాత. పాటలు రికార్డు అయ్యాక వాటి మీద తీగవాద్య బృందాన్ని, ఇత్తడి బూరాలని చేర్చారు. కుర్రాళ్లకి అది నచ్చలేదు. వెంటనే నాలుగో డిస్కులో ‘ఇన్ ద వైల్డర్‌నెస్’, ‘వన్ డే’, ‘వేర్ ద సౌర్ టర్న్స్ టు స్వీట్’ రఫ్ మిక్సులు పెట్టండి. పూత తీసేశాక కింద పియానో, ఆంథొనీ ఫిలిప్స్ గిటారు, పదిహేడు పద్దెనిమిదేళ్ల గాబ్రియెల్ గొంతు తేటగా ఉన్నాయి. చార్టర్‌హౌస్ బడి నుంచి అప్పుడే బయటికొస్తున్న కుర్రాళ్లు వీళ్లు. ‘ఇన్ ద వైల్డర్‌నెస్’ పల్లవి ఎంత బలమైనదో ఈ రూపంలోనే తెలుస్తుంది.

తర్వాత ‘షీ ఈజ్ బ్యూటిఫుల్’. అది మాటలు మార్చుకుని ‘ద సర్పెంట్’ అయింది. చివరి ట్రాక్ ‘పట్రిషియా’ వాయిద్యం మాత్రమే, దాని మీద మాటలు చేరి ‘ఇన్ హైడింగ్’ వచ్చింది. ఈ రెండు జంటలని ఆల్బమ్ రూపాలతో కలిపి నాలుగు పాటల జాబితా చేసుకోండి. ఒక బాణీ ఎలా మలుపు తిరిగిందో చెవికే తెలుస్తుంది.

‘షెపర్డ్’లో బ్యాంక్స్ గొంతు ఉంది, వదలకండి. ‘పాసిడీ’, ‘లెట్ అస్ నౌ మేక్ లవ్’ విన్నాక ‘ట్రెస్‌పాస్’ పెడితే ఆ 12 తీగల గిటారు జంట ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నే రాదు. ఫిలిప్స్ 1970లో వెళ్లిపోకపోయి ఉంటే అని అనుకోని జెనెసిస్ అభిమాని ఉండడు.

#18 పాతబస్తీ_ప్రాగ్

ఇంకో సంగతి కలుపుతాను. ఈ సెట్ కోసం పాత సభ్యులంతా కలిసి ‘ద కార్పెట్ క్రాలర్స్’ కొత్తగా చేద్దామనుకున్నారు. సమయానికి పూర్తి కాలేదు. నిర్మాత ట్రెవర్ హార్న్ చేతుల మీదుగా పూర్తయి 1999లో ‘టర్న్ ఇట్ ఆన్ అగెయిన్: ద హిట్స్’లో చేరింది. గాబ్రియెల్, కాలిన్స్ ఇద్దరూ పాడారు. ‘ఆర్కైవ్’ ఫోల్డర్‌లో చివర దాన్ని చేర్చుకునేవాళ్లు ఉన్నారు. డిస్క్ 1లోని ష్రైన్ రూపం పక్కన పెట్టి వినండి. అప్పటి బ్యాండ్ వాయిద్యం మీద 1990ల గొంతు ఒకవైపు, అంతా కొత్తదే మరోవైపు. నా మటుకు ష్రైన్ వాయిద్యమే గెలుస్తుంది. గొంతు మీద నా ఫిర్యాదు అలాగే ఉంది, డబుల్‌నెక్ అన్నా, కానీ వాయిద్యం గురించి మీరు చెప్పింది కాదనలేను.

#19 కొత్తచెవి

తీసుకుంటున్నాను, నాలుగో డిస్కు కోసం. చివరి ప్రశ్న ఉప్పుగాలి గారికి. మాది సముద్రం దగ్గరి ఊరు, వర్షాకాలంలో అల్మరా లోపల కూడా చెమ్మ. పుస్తకం, డిస్కులు ఎలా దాచాలి?

#20 ఉప్పుగాలి

రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల రంగు మారే సిలికా జెల్ గుళికలు. నారింజ రంగువి ఆకుపచ్చకి తిరిగితే తేమతో నిండినట్టు. పొట్లం విప్పి గుళికలని పళ్లెంలో పోసి ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనిచేస్తాయి. పొట్లంతో పెట్టకండి, కాగితం మాడుతుంది. గుళికలు డిస్కులకి, పుస్తకానికి తగలకుండా చిన్న గుడ్డ సంచిలో ఉంచండి.

డబ్బాలో పెట్టేముందు పుస్తకం పూర్తిగా ఆరి ఉండాలి. చెమ్మతో మూసేస్తే బూజు లోపలే పెరుగుతుంది. ఫ్యాను గాలికి ఒక రోజు తెరిచి ఉంచండి, ఎండలో వద్దు, కాగితం వంకర పోతుంది. పేజీలు ఇప్పటికే అంటుకుని ఉంటే బలవంతంగా లాగకండి, సిరా లేచి వస్తుంది. డిస్కులని నిలువుగా పెట్టండి, కవరు బదులు గట్టి పెట్టెలో. పాత మందపాటి పెట్టెల్లో స్పాంజి ముక్కలుంటే తీసి పారేయండి, కాలం గడిచేకొద్దీ అవి జిగురుగా మారి డిస్కు మీద మచ్చ దించుతాయి. సెట్ అందగానే నాలుగు డిస్కులూ ఎక్కించుకుని ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాగ్ ఇక్కడ పెట్టండి. సరిపోలని ట్రాక్‌లుంటే ఫ్లాక్‌వాలా, నేను చూసి చెప్తాం. అమ్మినవాళ్లకి తిరిగి పంపే గడువు దాటకముందే పెట్టండి.